యాభై లక్షలు తుర్కపల్లిలో, మంద మక్తల్‌లో

ప్రయోగశాల నుంచి అప్పుడే బయటికొచ్చిన యువ శాస్త్రవేత్త చిన్న కంపెనీ పెట్టుకోవడానికి కేంద్రం గ్రాంటు ఇస్తోంది. ఆ సొమ్ము పాలమూరు పల్లెలో పనికి రావాలంటే ఇంకేం కావాలి?

తిరిగి కట్టక్కర్లేని 50 లక్షల రూపాయలు. వడ్డీ ఉండదు. కంపెనీలో వాటా అడగరు. పొలం కాగితాలు తాకట్టు పెట్టమనరు. ప్రయోగం ఫలించకపోతే జప్తు నోటీసు రాదు, నిజాయితీగా లెక్క చూపితే చాలు. మక్తల్ అంగట్లో ఈ మాట చెప్పి చూడండి. ముందు మీ మొహం కేసి చూస్తారు. తర్వాత 'ఏ చిట్‌ఫండు కంపెనీ సారూ?' అని అడుగుతారు. వాళ్ల అనుమానాన్ని తప్పుపట్టలేం. మహబూబ్‌నగర్–మునీరాబాద్ రైలు మార్గం 1997-98లో మంజూరైంది. మక్తల్ మీదుగా కృష్ణా స్టేషను దాకా వేసిన లైను ప్రారంభమైంది 2023 అక్టోబర్ 1న. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలు, రైలొచ్చేసరికి తమ పిల్లల్ని ఎత్తుకుని చూడబోయారు. అలాంటి చోట సర్కారు 'ఇస్తాం' అంటే జనం చెవులు రిక్కించరు, నవ్వుకుంటారు.

ఈ 50 లక్షలు మాత్రం నిజమే. దాని పేరు బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్. ఆ రంగంలో అందరూ 'బిగ్' అంటారు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2012లో నెలకొల్పిన బైరాక్ అనే సంస్థ దీన్ని ఇస్తుంది. గడువు 18 నెలలు. ఏటా రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న దరఖాస్తులు పిలుస్తారు. కంపెనీ ఉన్నవాళ్లే కాదు, ఒంటరి పరిశోధకులు కూడా అడగవచ్చు. మన వైపు ఈ పథకాన్ని నడిపే భాగస్వామి ఐకేపీ నాలెడ్జ్ పార్క్. 1999లో మొదలైన ఈ పార్కు హైదరాబాద్‌కు ఉత్తరాన, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో ఉంది. మక్తల్ నుంచి చూస్తే రాజధాని మొత్తం దాటి అవతలికి పోవాలి. అటూ ఇటూగా 200 కిలోమీటర్లు.

ఆ 200 కిలోమీటర్ల సంగతే ఈ కథనం.

మంద పక్కన పరీక్ష

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. మక్తల్ మండలంలో గొర్లకాపరుల ఇల్లు. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ, హైదరాబాద్‌లో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. అమ్మాయి కల్పితమే గాని ఆమెకు ఎదురయ్యే నియమాలు, మొత్తాలు, దూరాలు నిజమైనవి.

చిన్నప్పటి నుంచి ఆమె చూసిన విపత్తు ఒకటుంది. మందలో ఓ గొర్రెకు జ్వరమొస్తుంది, ముక్కు కారుతుంది, నోరు పూస్తుంది, పారుడు పట్టుకుంటుంది. వారం తిరిగేసరికి మందలో పిల్లలన్నీ వరసపెట్టి పోతాయి. పశువైద్యులు పీపీఆర్ అంటారు. ఊళ్లో పారుడు రోగం. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ కలిసి 2030 నాటికి భూమ్మీద లేకుండా చేయాలని గురిపెట్టుకున్న జబ్బు ఇది. మన దేశంలో దీనికి మంచి టీకా ఉంది. భారత పశువైద్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలే చేశారు. ల్యాబులో నిర్ధారించే ఎలైసా పరీక్షలూ వాళ్లే తయారుచేశారు. కొరత ల్యాబులో లేదు, దొడ్డి దగ్గరుంది. నమూనా తీసి, ఐసుపెట్టెలో పెట్టి, జిల్లాకో హైదరాబాద్‌కో పంపి, ఫలితం తెచ్చుకునేలోపు మంద ఇంకో ఊరి బీళ్లలో మేస్తుంటుంది. జబ్బు కూడా దానితోపాటే నడుస్తుంది.

కోవిడ్ రోజుల్లో ఇంట్లో ముక్కులో పుల్ల పెట్టి చూసుకున్న పరీక్ష గుర్తుందిగా. గొర్రెకూ అలాంటి స్ట్రిప్ ఉంటే పావుగంటలో తేలిపోతుంది. అసాధ్యమేం కాదు. బ్రిటన్‌లోని పిర్‌బ్రైట్ సంస్థ చేసి చూపించింది కూడా. కాకపోతే అది మన కాపరికి గిట్టుబాటయ్యే ధరకు రావాలి, పాలమూరు మే నెల ఎండలో సైకిల్ సంచిలో పడి ఉన్నా చెడకూడదు. ఈ చివరి మెట్టు మీద ఎవరికీ నోబెల్ బహుమతి రాదు, పెద్ద పత్రికల్లో పరిశోధనా వ్యాసం అచ్చుకాదు. అందుకే యూనివర్సిటీలు దాని జోలికి పోవు. పెద్ద కంపెనీలకేమో ఆ మార్కెట్టు ఆనదు. మధ్యలో మిగిలిన ఆ ఖాళీలోనే చిన్న కంపెనీకి చోటుంది.

మన అమ్మాయి ఉద్యోగం వద్దనుకుని ఇంటికొచ్చింది. ఆ రాత్రి మాటలు ఇలా ఉంటాయి.

"నౌకరి ఇడ్సి కంపెనీ పెడ్తవా బిడ్డా? అప్పు ఎవలిస్తరు?"

"అప్పు కాదు నాయినా. సర్కారే ఇస్తది. మళ్ల కట్టుడు లేదు."

"కట్టుడు లేని పైసలు యాడన్న ఉంటయా?"

నాయిన అడిగింది చిన్న ప్రశ్న కాదు. ప్రభుత్వం ఎందుకు ఊరికే ఇస్తుంది?

బ్యాంకు అడిగే కాగితం

కిరాణం కొట్టు పెడతానంటే బ్యాంకు అప్పిస్తుంది. సరుకు కళ్లముందుంటుంది. ట్రాక్టరుకిస్తుంది, తేడా వస్తే లాక్కుపోవచ్చు. 'ఒక ప్రొటీన్ ఇంకో ప్రొటీన్‌కు అతుక్కుంటుందో లేదో ఏడాదిన్నర చూస్తాను' అంటే ఏ మేనేజరు సంతకం పెడతాడు? లాక్కుపోవడానికి అక్కడ ఏముంది?

ఈ ఇబ్బందిని అమెరికా 1970ల్లోనే పట్టుకుంది. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో రోలండ్ టిబ్బెట్స్ అనే అధికారి, చిన్న కంపెనీల పరిశోధనకు విడతలవారీగా డబ్బిచ్చే పద్ధతిని 1977లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాడు. ముందు చిన్న మొత్తమిచ్చి ఆలోచన నిలుస్తుందా అని చూడాలి. నిలిస్తే పెద్ద మొత్తం. మూడో మెట్టులో గ్రాంటుండదు, సరుకు అమ్ముకోవాలి. 1982లో ఇది చట్టమైంది. ఇవాళ మన జేబుల్లో ఉన్న ఫోన్లలో సగం కథ నడిపే క్వాల్‌కామ్ కూడా తొలినాళ్లలో ఆ సొమ్ము తీసుకున్నదే. ఆ చట్టంలో అన్నిటికన్నా గట్టి ముడి ఒకటుంది. బయటి పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి ఖర్చుపెట్టే ప్రతి కేంద్ర శాఖా అందులో 3.2 శాతం చిన్న కంపెనీలకు పక్కన పెట్టి తీరాలి. మన దగ్గర పథకాలున్నాయి, ఇలా చట్టంతో కట్టేసిన వాటా మాత్రం లేదు. బడ్జెట్ ఏడాది బాగుంటే పథకం బాగుంటుంది.

మన హైదరాబాద్ కథ వేరేగా మొదలైంది. 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి శాస్త్రవేత్త కారు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీ పరిశోధనా సంస్థలో చోటు సంపాదించి, కుర్ర శాస్త్రవేత్తలను కూర్చుకుని హెపటైటిస్-బి టీకా పని మొదలుపెట్టారు. పెట్టుబడి కోసం ఒమన్ దాకా వెళ్లాల్సి వచ్చింది. 1996లో ఏర్పడ్డ కేంద్ర టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు కూడా చేయందించింది, కాకపోతే రుణంగా. 1997లో టీకా బయటికొచ్చింది. అప్పటిదాకా డోసుకు వందల రూపాయలు పలికిన విదేశీ టీకా పక్కన ఇది 50 రూపాయల దగ్గర నిలబడింది. 2009లో సనోఫీ ఆ కంపెనీని కొనుక్కుంది.

వరప్రసాద్ రెడ్డికి ఎవరితోనైనా మాట్లాడి ఒప్పించే నేర్పు, పరిచయాలు ఉన్నాయి. పాతికేళ్లు ల్యాబు బల్ల ముందు తల వంచుకుని పనిచేసినవాళ్లకు అవి ఉండవు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని కేంద్రం మొదట 2005లో స్మాల్ బిజినెస్ ఇన్నొవేషన్ రీసెర్చ్ ఇనిషియేటివ్ తెచ్చింది. అమెరికా పథకం పోలిక పేరులోనే కనిపిస్తుంది. అప్పటి బయోటెక్నాలజీ కార్యదర్శి మహరాజ్ కిషన్ భాన్ స్వయంగా వైద్యుడు, రోటావైరస్ పరిశోధకుడు. శాస్త్రవేత్తకు ఏ దశలో డబ్బు ఆగిపోతుందో బయటి నుంచి చెబితే తెలుసుకున్న మనిషి కాదు. 2009లో ఇంకో అడ్డు తొలగింది. ప్రభుత్వ పరిశోధనా సంస్థల శాస్త్రవేత్తలు ఉద్యోగంలో ఉంటూనే, తమ పరిశోధన నుంచి పుట్టిన కంపెనీలో వాటా పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది. అంతకుముందు అయితే రాజీనామా చేయాలి, లేదా చెప్పకుండా చేయాలి. ఈ వరసలో 2012లో బైరాక్ వచ్చింది, దానితో బిగ్ వచ్చింది.

స్కైరూట్ సంగతి చాలామందికి తెలుసు. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో కంపెనీ పెట్టి, 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేశారు. వాళ్లను ముందుకు నడిపింది ప్రధానంగా ప్రైవేటు పెట్టుబడి. రాకెట్‌కు మదుపరి దొరుకుతాడు. గొర్రె జబ్బుకు దొరకడు. గ్రాంటు అవసరం పడేది ఈ రెండో రకానికే. ఎంపిక కమిటీలు కూడా ఈ తేడా పట్టించుకుంటే బాగుంటుందని నాకనిపిస్తుంది. మదుపరి ఎలాగూ ముచ్చటపడే ఆలోచనకే సర్కారు సొమ్మూ పోతే ప్రయోజనమేముంది?

నల్గొండ పేరున్న పద్ధతి

పక్క జిల్లాకు పోదాం. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు, వంకర తిరిగిన కాళ్లు తెలుగువాళ్లందరికీ తెలిసిన దుఃఖమే. ఆ నీళ్లను బాగుచేయడానికి నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ నీరి శాస్త్రవేత్తలు 1970ల్లో ఒక పద్ధతి కనిపెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపి, కాసేపు కదిలించి, తేర్చుకోవడమే. ప్రపంచమంతా దాన్ని 'నల్గొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. ఆఫ్రికా దేశాల్లోనూ వాడి చూశారు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నల్గొండకు మాత్రం చివరికి విముక్తి దొరికింది దూరం నుంచి పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లతో.

ఆ పద్ధతి తప్పని కాదు. రోజూ పటిక తూచాలి, నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి మోతాదు మార్చాలి, అడుగున చేరిన బురద తీసి పారబోయాలి. ఇవన్నీ చూసుకోవడానికి ఒక మనిషి, ఆ మనిషికి జీతం, పాడైతే బాగుచేసే చేయి కావాలి. దాన్నే జీవనోపాధిగా పెట్టుకున్న చిన్న కంపెనీ ఏదైనా ఆ రోజుల్లో ఊరూరా నిలబడి ఉంటే ఏమయ్యేదో ఎవరం చెప్పలేం. అప్పట్లో అలాంటి కంపెనీకి డబ్బిచ్చే పథకమైతే లేదు. శాస్త్రవేత్త పని పేటెంటుతోనో వ్యాసంతోనో ముగిసేది, తర్వాతిది ఇంజనీరింగు శాఖ చూసుకునేది.

మెట్లు మెట్లుగా డబ్బు

మన అమ్మాయి దగ్గరికి వద్దాం. నేరుగా 50 లక్షలకు పోనక్కర్లేదు. ముందు తిండి గడవాలి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం 2016లో మొదలుపెట్టిన నిధి కార్యక్రమంలో ఎంట్రప్రెన్యూర్ ఇన్ రెసిడెన్స్ అనే ఫెలోషిప్పు ఉంది. నెలకు 30 వేల రూపాయల దాకా, ఏడాదిపాటు. ఇంట్లో 'నౌకరి' అన్న మాటకు అదో జవాబు. అదే నిధిలో ప్రయాస్ కింద నమూనా తయారీకి 10 లక్షల దాకా దొరుకుతుంది. స్ట్రిప్ నిజంగానే గీత చూపిస్తోందని తేలాక బిగ్‌కు పోతే ఎంపికయ్యే అవకాశం మెరుగు. ఆమె గొర్రెల బదులు కందుల మీదనో జొన్నల మీదనో పనిచేస్తే దారి ఇంకోటి. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద ఆలోచన దశలో 5 లక్షలు, తర్వాత 25 లక్షల దాకా ఇస్తారు. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధనా సంస్థ వారి న్యూట్రిహబ్, వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి అగ్‌హబ్, నార్మ్ వారి ఎ-ఐడియా ఇలాంటివాళ్లకు గొడుగు పడతాయి. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు, అదీ ఇంక్యుబేటర్లనే ఇలాంటి గొడుగు సంస్థల ద్వారానే.

చదువుతుంటే మెట్లు బాగానే కనిపిస్తాయి. ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఏ మెట్టు సొమ్మూ ఒకేసారి చేతికి రాదు. అనుకున్న పని అనుకున్న నెలకు చేసి చూపిస్తే తర్వాతి విడత. పద్ధతి సబబే, ప్రజాధనం మరి. గొర్రె జబ్బు మాత్రం బైరాక్ క్యాలెండర్ చూసి రాదు. టీకాలు బాగా వేసిన ఏడాది జబ్బు తగ్గుతుంది. కాపరికి అది శుభవార్త, కిట్ పరీక్షించాల్సిన అమ్మాయికి ఇబ్బంది. 18 నెలల్లో మక్తల్ చుట్టుపక్కల సరిపడా రోగం కనిపించకపోతే ఆమె స్ట్రిప్ పనిచేస్తుందని దేనిమీద రుజువు చేస్తుంది? గుజరాత్‌కో రాజస్థాన్‌కో నమూనాల కోసం పోవాలి. సాఫ్ట్‌వేర్‌కు సరిపోయే గడువును జీవాల మీద, పంటల మీద పెడితే ఇలాగే ఉంటుంది. కంది పంట ఏడాదికి ఒక్కసారే వస్తుంది. 18 నెలలంటే ఒక ఖరీఫ్, కాస్త అదృష్టముంటే రెండు. ప్రయోగం ఒకసారి చెడితే రెండోసారికి గడువుండదు. వ్యవసాయం, పశువైద్యం మీద వచ్చే ప్రాజెక్టులకైనా కాలం కొలత మార్చాలి. ఇంకో మాట, 2012లో పెట్టిన 50 లక్షల అంకె పదేళ్లు దాటినా అక్కడే ఉంది. దిగుమతి రసాయనాల ధర అక్కడే లేదు.

బల్ల ఎక్కడ?

పైన పేర్లు చెప్పిన ఇంక్యుబేటర్లను మ్యాపు మీద గుర్తుపెట్టండి. వాటికి పటాన్‌చెరులో ఇక్రిశాట్ 2003లో పెట్టిన అగ్రి బిజినెస్ ఇంక్యుబేటర్, సీసీఎంబీ వారి అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని ఆస్పైర్ బయోనెస్ట్ కలపండి. అన్నీ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు లోపలో, దానికి కాస్త అవతలో.

దీనికి కారణం లేకపోలేదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు ఒకటి కొంటే పదిమంది వాడుకోవాలి. పక్క గదిలో ఇంకో కంపెనీ ఉంటే అరగంటలో రసాయనం అప్పు దొరుకుతుంది. పాడైన మిషను బాగుచేసేవాడు నగరంలోనే ఉంటాడు. జీనోమ్ వ్యాలీ గెలిచింది కూడా ఇలా ఒకచోట గుమిగూడబట్టే. 'ప్రతి జిల్లాకో బయోటెక్ పార్కు' అని ఎవరైనా హామీ ఇస్తే నేను నమ్మను. తాళం వేసిన భవనాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

అలాగని మక్తల్ అమ్మాయి ప్రతి నమూనాకూ తుర్కపల్లి దాకా పోవడం కూడా పద్ధతి కాదు. ఆమెకు అక్కడ ఒక బల్ల, ఇక్కడ ఒక గది కావాలి. ఇక్కడి గదిలో ఫ్రిజ్జు, సెంట్రిఫ్యూజు, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరు, నమూనాలు సేకరించడం నేర్చిన ఇద్దరు మనుషులు. వాళ్లు ఈ ఊరి పిల్లలైతే ఇంకా మంచిది. గొర్రెను పట్టుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ గది కోసం కొత్త భవనం కట్టక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో 2008 నుంచి పాలమూరు యూనివర్సిటీ ఉంది. నాగర్‌కర్నూల్ వైపు పాలెంలో వ్యవసాయ పరిశోధనా స్థానముంది. కందిలో పీఆర్‌జీ రకాలు అక్కడివే. మదనాపురంలో కృషి విజ్ఞాన కేంద్రముంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు వరసగా ఉన్నాయి, నాణ్యత పరీక్షలు తెలిసిన కెమిస్టులు రోజూ షిఫ్టు దిగి ఇంటికి పోతున్నారు. గ్రాంటులో కొంత వాటా ఇలాంటి చోట్ల అద్దెకూ మనుషులకూ ఖర్చుపెట్టుకునేలా, జీనోమ్ వ్యాలీ ఇంక్యుబేటరే ఇక్కడ ఒక గది నడిపేలా నియమం రాస్తే 200 కిలోమీటర్లు సగమైపోతాయి.

కొనేదెవరు?

అన్నీ కుదిరి స్ట్రిప్ తయారైందనుకుందాం. కాపరి కొంటాడా? టీకా సర్కారు ఉచితంగా వేస్తున్నప్పుడు పరీక్షకు డబ్బు పెట్టే అలవాటు అతనికి ఎలా వస్తుంది? మంద మొత్తానికి పెట్టాలంటే ఒక గొర్రె ఖరీదు పోవచ్చు. నిజానికి దీన్ని కొనాల్సింది పశుసంవర్ధక శాఖ. రోగం ఎక్కడుందో ఆ రోజే తెలిస్తే టీకా బండి ఎటు పోవాలో ఆ రోజే తేలుతుంది. లాభం శాఖదే.

గ్రాంటు పథకాలన్నీ నీరసపడేది ఈ మలుపులోనే. ఒక శాఖ డబ్బిచ్చి సరుకు తయారు చేయిస్తుంది, ఇంకో శాఖ ఆ సరుకు కొనడానికి మూడేళ్ల టర్నోవరు చూపించమంటుంది. నిన్న పుట్టిన కంపెనీకి మూడేళ్ల టర్నోవరు ఎక్కడి నుంచి వస్తుంది? కేంద్ర ఆర్థిక నియమావళి 2017లో దీనికి సడలింపు ఇచ్చింది. స్టార్టప్‌లకు పూర్వానుభవం, టర్నోవరు షరతులు తగ్గించవచ్చు, ధరావతు అడగనక్కర్లేదు. కానీ 'వచ్చు' అని రాసిన నియమానికీ టెండరు కాగితం తయారుచేసే గుమాస్తా బల్లకూ మధ్య చాలా దూరముంటుంది. ఆడిట్ అభ్యంతరం వస్తుందేమోనన్న భయంతో పాత షరతులే అచ్చేస్తారు.

కొనుగోలు కుదిరితే ఏమవుతుందో మనకు తెలుసు. భాన్ జీవితకాలపు పని అయిన రోటావైరస్ టీకాను భారత్ బయోటెక్ 2015లో తెచ్చింది. మరుసటి ఏడాదే అది సర్కారు టీకాల కార్యక్రమంలోకి వచ్చింది. తొలి విడత నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరిశోధనకు తోడుపడిన చేయే కొనుగోలుకూ ముందుకొచ్చింది. దానికి పెద్ద కంపెనీ, ఢిల్లీ పలుకుబడి ఉన్నాయి నిజమే. గొర్రె స్ట్రిప్‌కు అంత అక్కర్లేదు, ఒక్క రాష్ట్ర శాఖ చాలు. మక్తల్ ఎమ్మెల్యే వాకిటి శ్రీహరి 2025 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గంలో చేరారు. ఆయనకు వచ్చిన శాఖల్లో పశుసంవర్ధకం, మత్స్యం, యువజన సర్వీసులు ఉన్నాయి. గొర్లు, సంగంబండ రిజర్వాయరు చేపలు, చదువుకున్న పిల్లలు ఒకే బల్ల మీదికి రావడం అరుదు. మూడు జిల్లాల పశువైద్యశాలల్లో ఏడాదిపాటు ఇలాంటి కొత్త పరికరాలను కొని వాడి చూసేందుకు చిన్న పద్దు పెట్టడం ఆ బల్ల మీద నుంచి సాధ్యమే. పరికరం బాగుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. బాగాలేకపోతే ఆపేయవచ్చు.

దరఖాస్తు రాసే పిల్లలకు ఒక మాట. బైరాక్ వెబ్‌సైటులో ఫారం నింపాక నిపుణుల ముందు కూర్చోవాలి. పీహెచ్‌డీ చేసినవాళ్లకు సైన్సు పేజీలు రాయడం కష్టం కాదు. అవసరం ఎంత, ఎక్కడ, ఎవరికి అన్న చోట చాలామంది ఇంటర్నెట్లో దొరికే దేశం మొత్తం లెక్క అతికిస్తారు. జూలైకో జనవరికో సిద్ధపడేవాళ్లు ముందు మక్తల్, మాగనూరు, ఊట్కూరు పశువైద్యశాలలకు పోయి రిజిస్టర్లు చూడండి. నిరుడు ఏ నెలలో, ఏ ఊళ్లో, ఎన్ని మందల్లో పారుడు నమోదైంది, అందులో ఎన్నింటికి ల్యాబు ఫలితం వచ్చింది, ఎన్ని రోజులకు వచ్చింది. తుర్కపల్లిలో మిమ్మల్ని ప్రశ్నలడిగే నిపుణులెవరి దగ్గరా ఈ లెక్క ఉండదు.